గుడిగోడ నెర్రెలోని రాయి

యాతిమెకు అన్నిటికంటే పెద్ద భయం, కొడుకు రాయి మింగి ఊపిరాడక పోతాడేమోనని. కొండమీది ఆ ఊళ్లో నేలంతా రాయే. వాడేమో పాకుతూ, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు.

ఆ పొద్దున తమ వంశపు ఆదిపురుషుడి గుడి పక్క బండమీద ఉల్లికాడలు దంచుతుంటే పిల్లవాడి చప్పుడు ఆగిపోయింది. చూస్తే గోడ నెర్రె దగ్గర బుగ్గ ఉబ్బించుకుని కూర్చున్నాడు. వేలు పెట్టి రాయి లాగింది. ఆ కంగారులో దాన్ని బలంకొద్దీ కొండ అంచు అవతలికి విసిరేసింది.

"ఏమే, నీ కొడుక్కి అంబలి చాలట్లేదా? మీ పుట్టింటోళ్లు రాళ్లే తింటారా?" అని అత్త నవ్వింది.

యాతిమె నవ్వలేదు. వేళ్లకు తగిలిన నునుపు అప్పుడు గుర్తొచ్చింది. రాయి నడుమ బెజ్జం ఉంది.

గుడి పూజారి పోయినప్పుడు ఆయన మెడలోని రాయిని పెద్దలు దాచేశారు. ఆదిపురుషుడు ఎవరిని పిలిస్తే వాడే దాన్ని వెతికి పట్టుకోవాలి, వాడే కొత్త పూజారి. దొరికేదాకా వాడికి తిండి సయించదు. ఆమె మరిది ఒగోబరా కోతలప్పటినుంచి అలాగే తిండి మాని, వణుకుతూ ఊళ్లో గోడలన్నీ తడుముతున్నాడు.

పిల్లవాణ్ణి చంకనేసుకుని, రాయి దాచిన ముసలి అంతందు దగ్గరికి పోయింది.

"పిల్లాడు నోట్లో పెట్టుకున్నాడు తాతా. నేను తెలీక విసిరేశా. అంత కిందగా ఎందుకు దాచావు?"

"మోకాళ్లు పట్టేసి కూర్చునే దాచా. పాకేవాడు వస్తాడని కలగన్నానా?"

"అది ఎటు పడిందంటే..."

అంతందు చెవులు మూసుకున్నాడు. "చెప్పకమ్మాయ్! నువ్వు చూపిస్తే నువ్వు తెచ్చినట్టే. అప్పుడది ఉత్త గులకరాయి. మీ మరిదికి ఇంక నెమ్మది ఉండదు. రాయే పిలవాలి, వాడే పోవాలి."

"అక్కడ కాలు జారితే?"

ముసలాయన చెవుల మీది చేతులు తీయలేదు.

మర్నాడు ఒగోబరా గోడలు వదిలేశాడు. కొండ అంచున చాలాసేపు నిలబడి, తాడైనా లేకుండా బండల్లోకి దిగాడు. దిగేముందు వెనక్కి తిరిగాడు.

"అంబలి ఉంచు వదినా."

కోతల తర్వాత వాడు నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు.

సొరబుర్రలో అంబలికి పొర కట్టింది, వాడింకా ఎక్కి రాలేదు. యాతిమె పిల్లవాడికి పాలిస్తూ అంచునే కూర్చుంది. ఆమె దిగకూడదు, కేకేయకూడదు, వేలు చూపకూడదు. మీకు ఆ కట్టుబాటు లేదు. కొండ కింద ఇసుకదారిన పోతుంటే, రాయి మాట ఎత్తకుండా, ఒక్కసారి బండల వైపు చూడండి. ఒగోబరా లేచి తిరుగుతున్నాడో లేదో చూసి, ఆమెకు కబురు పంపండి.