బాలమణి ఆంటీ ఇంగ్లీషు

సకినాల గురించి రోజూ కొత్తగా చెప్పడానికి ఏముంటుంది? బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె. అంతే కదా. ప్రవల్లిక వానలో పెట్టి ఫోటో తీసింది, టీ కప్పు పక్కన పెట్టి తీసింది, చెవికి జూకాలా పట్టుకుని కూడా తీసింది. "మీ అమ్మమ్మ గుర్తొచ్చిందా?" అని ఒక పోస్టు పెట్టింది. విరిగే చప్పుడు వినమని ఒక వీడియో పెట్టింది. తన క్లాసులో తెలుగు పిల్లలూ, తను అద్దెకుంటున్న ఇంటి ఓనరు పాండురంగం అంకుల్ ఆఫీసులో ఇద్దరు ముగ్గురూ తప్ప ఎవరూ లైకు కొట్టలేదు. నాటింగ్‌హామ్‌లో మార్కెటింగ్ మాస్టర్స్ చదువుతోందని కాకినాడలో వాళ్లమ్మ వీధంతా చెప్పుకుంటోంది. ఆ అమ్మాయి ఇక్కడ ఐడియా తట్టక గోళ్లు కొరుక్కుంటోంది.

ఆ సకినాలు అంకుల్ భార్య బాలమణి ఆంటీవి. జగిత్యాల నుంచి వచ్చిన మనిషి. ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్ముతుంది. కౌన్సిల్‌వాళ్లు వంటగదిని చూసి బాగుందని రాసిచ్చిన కాగితాన్ని గుమ్మం పక్కనే అతికించుకుంది. ప్రవల్లిక వాళ్లింటి పైగదిలో ఉంటోంది. "నాకీ ఫోన్ల సంగతి తెల్వది బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి, ఎట్ల జేస్తవో చెయ్యి" అని ఆంటీ ఫోన్లో తన సకినాల పేజీ మొత్తం ఆమె చేతిలో పెట్టేసింది. ఏం పెడుతున్నావో చూపించమని ఏనాడూ అడగలేదు.

'వస్తువును కాదు, మనిషిని చూపించండి' అని క్లాసులో లెక్చరర్ అన్నాడు. చదవేస్తే ఉన్నమతి పోయిందంటే ఇదే. ప్రవల్లిక మనిషిని చూపించింది.

ఒక ఉదయం, అప్పుడప్పుడూ వచ్చే ఇంగ్లీషావిడ ఒకామె సకినాల కోసం వచ్చింది. ఎవరొచ్చినా గుమ్మంలో నిలబెట్టి మాట్లాడందే ఆంటీ పంపదు. ప్రవల్లిక వెనక నుంచి ఫోను ఎత్తింది.

"ఈట్, టెల్," అంది ఆంటీ వేలు చూపిస్తూ. "నో టెల్, నెక్స్ట్ టైమ్ నో గివ్. యువర్ హస్బెండ్ వెరీ థిన్. హీ ఆల్సో ఈట్."

ఆవిడ పకపకా నవ్వి ప్యాకెట్‌ను గుండెకు హత్తుకుంది. ఆ నవ్వులో ఇష్టం ఉంది. ప్రవల్లిక కూడా ఫోను వెనక నవ్వింది. అది వేరే నవ్వు. పైకి వెళ్లి, ఆవిడ ముఖం కత్తిరించేసి, ఆంటీ మాటల కింద పెద్ద అక్షరాలు వేసి, మధ్యమధ్యలో డప్పు చప్పుడు పెట్టి, 'ఆంటీ ఇంగ్లీష్, పార్ట్ వన్' అని పేరు తగిలించి వదిలింది.

లక్షలమంది చూశారు. ఆర్డర్లు వచ్చిపడ్డాయి. కింద కామెంట్లు కూడా. తెల్లవాళ్లు రాసినవి తక్కువ. మనవాళ్లే విరగబడ్డారు. 'ఈవిడకి వీసా ఎవడిచ్చాడ్రా?' 'ఇలాంటోళ్ల వల్లే మన పరువు పోతోంది.' 'పార్ట్ టూ ఎప్పుడు?' అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఆ అక్షరాలు ఆంటీకి చదవడం రాదు.

"ఏమన్నరు బిడ్డా? సదువు, ఇంట," అంటూ ఆమె పిండి చేతులతోనే వచ్చి పక్కన కూర్చుంది.

ప్రవల్లిక ఫోను తనవైపు తిప్పుకుంది. "ఎవరికో మిమ్మల్ని చూస్తే వాళ్ల మేనత్త గుర్తొచ్చిందట ఆంటీ," అంది.

"అయ్యో, ఏ ఊరట? ఒక ప్యాకెట్ పంపుదమా?"

"ఇంకొకరు... ఎంత కలుపుగోలు మనిషో అన్నారు."

ఆంటీ మురిసిపోయి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇంకోటి చదవమంది. ప్రవల్లిక ఇంకోటి కల్పించింది. పోస్టుకు ఐడియాలు రాని బుర్రకు అబద్ధాలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే తల వంచుకుని స్క్రీను మీద వేలు జరుపుతూ కూర్చుంది.

ఆ మరునాడు ఆంటీ కూతురు వర్షిత స్కూలు నుంచి వస్తూనే మెట్ల మీద ప్రవల్లికను ఆపింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "డిలీట్ ఇట్. దే ఆల్ డూ హర్ వాయిస్ ఎట్ స్కూల్," అంది. స్కూల్లో అందరూ వాళ్లమ్మ గొంతును అనుకరించి వెక్కిరిస్తున్నారు. గది తలుపు వేసుకోబోతూ ఆగి, "డోంట్ టెల్ మమ్," అంది.

ప్రవల్లిక వెంటనే తీసేసింది. అప్పటికే ఎవరెవరో దింపుకుని, తమ నవ్వులు కలిపి మళ్లీ పెట్టుకున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈమె తొక్కిన అడుసు కడుక్కుంటే పోయేది కూడా కాదు. ఆంటీకి చెప్పేయాలని రెండుసార్లు వంటగది దాకా వెళ్లింది. రెండుసార్లూ ఆంటీ వేడి సకినం చేతిలో పెట్టి పంపేసింది.

శనివారం పొద్దున ఆంటీయే పిలిచింది. కుర్చీ తూర్పుకి తిప్పి కూర్చోమంది. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు.

"గన్ని కండ్లు వడ్డయి గదనే ఆ వీడియో మీద. తీసినదానివి నువ్వు. నీకేమన్న అయితే మీ అమ్మకు నేనేం జెప్పాలె?" అంటూ తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినోళ్ల దిష్టి, పోయినోళ్ల దిష్టి, ఇంట్లోళ్ల దిష్టి... థూ అను బిడ్డా."

ప్రవల్లికకు ఏడుపొచ్చింది.

"ఆంటీ, వాళ్లు నవ్వుతున్నారు. మీ మాటలకి. నవ్వేలా నేనే పెట్టాను."

గుప్పిట ఆగింది. "మరి నువ్వు సదివినయి?"

"నేనే కల్పించాను. ఎవరూ అలా రాయలేదు."

ఆంటీ మెల్లిగా అడిగింది. "తీసేటప్పుడు నీగ్గూడ నవ్వచ్చిందా?"

రాలేదని చెప్పొచ్చు. ఇన్ని చెప్పిన నోటికి అదొక లెక్కా? కానీ ఆమె ముఖంలోకి చూశాక నోరు రాలేదు.

"వచ్చింది ఆంటీ."

బాలమణి తలూపింది. గుప్పిట మళ్లీ కదిలింది. మిగిలిన చుట్లు తిప్పి, "థూ అను," అంది. ప్రవల్లిక అంది. ఆంటీ ఉప్పు సింకులో వేసి, చేతులు కడుక్కుని, మిరపకాయలు పొయ్యి దగ్గర పెట్టింది. తిట్టి ఉంటే బాగుండునని ప్రవల్లికకు అనిపించింది.

అప్పుడే బెల్ మోగింది. సకినాల కోసం ఎవరో కొత్త మనిషి, పెద్దాయన. ఆంటీ ప్యాకెట్ తీసుకుని వెళ్లి తలుపు తీసింది. ఆయన నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పి, ఇవి ఎలా చేస్తారని అడిగాడు. ఆంటీ నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. ప్యాకెట్ ప్రవల్లిక చేతికిచ్చి పక్కకు తప్పుకుంది.

"నువ్వు మాట్లాడు బిడ్డా. నాకు ఇంగ్లీష్ రాదు."

ప్రవల్లిక గుమ్మంలోకి వచ్చి, తప్పుల్లేని ఇంగ్లీషులో అంతా చెప్పింది. ఆయన థాంక్యూ అని ప్యాకెట్ తీసుకుని వెళ్లిపోయాడు. ఎవరూ నవ్వలేదు.