పల్చటి తెల్ల గౌను

అన్యాయం జరిగింది రెమెడియోస్‌కు. చేసింది మా సంఘం. దాన్ని అందమైన అక్షరాలతో కాగితం మీద పెట్టింది నేను.

రెమీ మనీలా నుంచి వచ్చిన నర్సు. 1978లో వర్జీనియాకు వచ్చిన నేను నర్సు లైసెన్సు పరీక్ష తప్పినప్పుడు, నాలుగు నెలలపాటు డ్యూటీ దిగిన ప్రతి సాయంత్రం ఆస్పత్రి క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని చదివించింది. జవాబు సరిగ్గా చెబితే "పాస్" అనేది. అంతకుమించి మెచ్చుకోలు లేదు. నీ ఋణం ఎలా తీర్చుకోను అంటే, "నా పక్కన ఎవరూ కూర్చోని రోజు వస్తే నువ్వు వచ్చి కూర్చో" అంది. తర్వాత మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆరాధనకు పియానో వాయించేవారు లేరని తెలిసి, మన పాటలు తన లిపిలో రాసుకుని అయిదేళ్ళు వాయించింది.

1984 నవంబరులో మా ఆయన సత్యానందం, స్నేహితులు కలిసి ఫిలిప్పీన్ వీడియో టేపు ఒకటి తెచ్చి మా బేస్‌మెంట్‌లో చూశారు. "ఏం సినిమా అండీ?" అంటే, "ఏదో ఫ్యామిలీ డ్రామాలే, పకోడీలు పంపు" అన్నారు. భోజనాల దగ్గర మాత్రం ముఖం గంభీరంగా పెట్టారు. "మన రెమీ అందులో యాక్ట్ చేసింది. కన్ఫర్మ్ చేసుకుందామని రివైండ్ చేసి మరీ చూశాం. క్రిస్మస్‌కి ఆవిడ పియానో దగ్గర కూర్చుంటే సంఘం పరువేం కాను? నీది కాన్వెంట్ రైటింగ్. ఇక వాయించొద్దని కమిటీ తరఫున లెటర్ నువ్వే రాయి. డీసెంట్‌గా రాయి." రాశాను. సంఘం మినిట్సు, ఆహ్వానాలు, ఆయన ఉద్యోగపు దరఖాస్తులు అన్నీ ఈ చేతిరాతే. జీతం లేని ఆ చెయ్యి ఏమి రాస్తోందో చదువుకోవడం నేను ఎప్పుడో మానేశాను.

ఉత్తరం అందుకున్న రెమీ క్యాంటీన్‌లో కోపగించుకోలేదు. నర్సింగు ఫీజు కోసం రెండు సినిమాలు చేశానంది. "మా దేశంలో సైనిక పాలన వచ్చాక సినిమాల్లో ఒళ్ళు చూపకూడదన్నారు. అందుకని పల్చటి తెల్ల గౌను తొడిగి సముద్రంలో ముంచేవారు. రూలూ నిలిచేది, టికెట్లూ తెగేవి. పొద్దున్న పూజలో మమ్మల్ని తిట్టే ప్రసంగం విన్నవాళ్ళే సాయంత్రం క్యూలో ఉండేవారు. ఇప్పుడు మనీలాలో సర్కారు కట్టిన హాల్లోనే అలాంటి సినిమాలు కత్తిరింపు లేకుండా వేస్తున్నారట. నటించినవాళ్ళనే ఇంకా క్షమించలేదు." ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంటూ, "చేతిరాత బాగుంది, వసంతా" అంది.

క్రిస్మస్ ఆరాధనకు ఆమె వచ్చింది. చివరి బెంచీలో ఒంటరిగా కూర్చుంది. పియానో మూత వేసి ఉంది. దేవుడు చేసిన మేళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో పాస్టరుగారు "ఎవరైనా ఉన్నారా?" అనగానే లేచాను.

"ఆ టేపు మా ఇంట్లో ఆడింది. చూసినవారు ఏడుగురు, కమిటీ మొత్తం. పకోడీలు వేయించింది నేను, ఉత్తరం రాసింది నేను. వెనక్కి వెళ్ళి కూర్చోవలసినవాళ్ళం ఎనిమిదిమందిమి."

సత్యానందం తల ఎత్తకుండా, "కూర్చో, వసంతా" అన్నారు.

"కూర్చుంటున్నానండీ."

చివరి బెంచీ దాకా నడిచి రెమీ పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు తిరగలేదు. పాటల పుస్తకం మా ఇద్దరి మధ్యకు జరిపి, మెల్లగా, "పాస్" అంది.