మొసలి పేజీ

బొమ్మలాయనకి తన చూపు మీద మహా గర్వం. పిల్లలకి జంతువుల గురించి చెప్పే సైటుకి బొమ్మలు గీయడం ఆయన ఉద్యోగం. ఆ బొమ్మల కింద మాటలు రాసేది భార్య. ఇద్దరి ఆఫీసూ ఇంట్లోనే, ఒకే బల్లకి అటూ ఇటూ. ఉడుత తోక ఎలా వంపు తిరగాలో, జిరాఫీ నాలుక ఏ రంగులో ఉండాలో ఆయన దగ్గర తప్పు దొరకదు. ఎక్కడో ఎవరో సాలీడుకి ఆరు కాళ్లే గీశారని తెలిసి, ఆ పూటంతా ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వలేదు.

ఆయన అక్క ఆ ఊళ్లోనే కొత్తగా ఉద్యోగంలో చేరి, అద్దెగది దొరికేదాకా అని తమ్ముడింటికి వచ్చింది. వచ్చి నెల కావస్తోంది. అక్కంటే తనకి ప్రాణమని ఆయన అందరితో చెప్పుకుంటాడు కూడా. ఆవిడ మాటకారి, పనిమంతురాలు, ఎవరికీ భారమయ్యే రకం కాదు. చిక్కల్లా భోజనాల దగ్గరే. రెండు ముద్దలు నోట్లో పెట్టుకునేసరికి కన్నీళ్లు. కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, చేతిరుమాలుతో ఒత్తుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ తింటుంది. ఏమైందంటే, "ఏం లేదురా, నువ్వు తిను" అంటుంది. పూటపూటా ఇదే తంతు. మొదట్లో జాలిపడ్డారు. తర్వాత విసుక్కోవడం మొదలుపెట్టారు.

"గది దొరికిందా అని మనం అడక్కుండా ఉండటానికండీ ఇదంతా," అంది భార్య ఒకనాడు, వదినగారు బయటికి వెళ్లిన సమయం చూసుకుని. "నేను వండి పెట్టడం, ఆవిడ ఏడుస్తూ తినడం. పక్కింటివాళ్లు చూస్తే నేనేదో రాచిరంపాన పెడుతున్నాననుకోరూ? మొసలి కన్నీళ్లు!"

బొమ్మలాయన పడీపడీ నవ్వాడు. సరిగ్గా అప్పుడే బల్ల మీద మొసలి పేజీ ఉంది మరి. బల్ల కింద కూర్చుని రంగు పెన్సిళ్లు చెక్కుకుంటున్న ఎనిమిదేళ్ల కూతురి సంగతి ఇద్దరికీ గుర్తులేదు. కనిపించినవాళ్ల తప్పులన్నీ దిద్దుతుంది కాబట్టి ఆ పిల్లకి ఇంట్లో పేరు టీచరమ్మ.

ఆ సైటులో ప్రతి జంతువుకీ 'మనం అనేది, అది చేసేది' అని ఒక మూల ఉంటుంది. నక్క జిత్తులనీ పాము పగనీ మనం నోటికొచ్చినట్టు అనే మాటలు తీసుకుని, అసలు సంగతి పిల్లలకి విడమరిచి చెప్పడం దాని పని. మొసలి దగ్గర భార్య ఇలా రాసింది: 'దొంగ ఏడుపుని మనం మొసలి కన్నీళ్లు అంటాం. కానీ మొసలి నటించదు. కొన్ని మొసళ్లకి తినేటప్పుడు నిజంగానే కళ్లవెంట నీళ్లు వస్తాయి.' చక్కటి మాటలు. మొసలికి అంత న్యాయం చేసిన చేతులు, ఇంట్లో మనిషి దగ్గరికి వచ్చేసరికి ముడుచుకుపోయాయి.

వాటి పక్కన బొమ్మలాయన గీసిన బొమ్మ ఇది. భోజనాల బల్ల ముందు మొసలి. గుండ్రటి కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, చేతిలో రుమాలుతో, రెండు కళ్లా ధారలు కారుస్తోంది. కళ్లజోడు అక్కది. రుమాలు అంచున కుట్టిన పూలూ అక్కవే. భార్య చూసి, "అయ్యో, మరీనండీ" అంది గానీ తీసెయ్యమనలేదు. పేజీ సైటులోకి ఎక్కింది. పిల్లలకి తెగ నచ్చింది. టీచర్లు మెచ్చుకుంటూ రాశారు. ఆయన ఆ ఉత్తరాలు భోజనాల దగ్గర పైకి చదివాడు, అక్క ముందే. ఏ బొమ్మో మాత్రం చెప్పలేదు.

ఓ సాయంత్రం అక్క పని నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, టీచరమ్మ టాబ్లెట్ పట్టుకుని ఎదురెళ్లింది.

"అత్తా, నీకో మంచి సంగతి! అమ్మ నీవి మొసలి కన్నీళ్లంటే నాన్న నవ్వాడు కదా, అది తప్పు. మొసలి దొంగది కాదంట. తినేటప్పుడు నిజంగానే వస్తాయంట. ఇదిగో చూడు, అమ్మే రాసింది!"

"ఏయ్, ఇటు రా" అనబోయింది భార్య. బొమ్మలాయన లేచి టాబ్లెట్ అందుకోబోయాడు, కానీ అప్పటికే అది అక్క చేతుల్లో ఉంది. ఆవిడ నిలబడే చదివింది. చదివి, బొమ్మని వేళ్లతో పెద్దది చేసుకుంది. కళ్లజోడు చూసింది. రుమాలు మీద పూలు చూసింది.

"అక్కా, అది..." సరదాకి అని చెప్పబోయాడు. ఆ మాట తనకే అసహ్యమేసి మింగేశాడు.

"డాక్టరు కూడా నా కన్నీళ్లకి ఈ పేరే చెప్పాడు," అంది అక్క. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి. "పోయినేడు నాకు మూతి వంకరపోయింది కదా, అది తగ్గాక ఇది పట్టుకుంది. నరాలు మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పాయట. నోట్లో నీళ్లూరించాల్సినవి కంటికి వెళ్లాయట. ముద్ద పెడితే చాలు, కారిపోతుంది. తింటూ ఇదంతా ఏం చెబుతాంలే అని ఊరుకున్నాను."

"మూతి వంకరపోయిందా? మాకు చెప్పనేలేదేం వదినా?" అంది భార్య.

"వీడికి ఫోన్ చేశానుగా. జాగ్రత్తక్కా అన్నాడు."

అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, జిరాఫీ నాలుకకి రంగు వేస్తూ అన్నాడు.

"ఇప్పుడే తీసేస్తానక్కా. ఈ క్షణమే తీసేస్తా."

"ఉండనీరా, పిల్లలు నవ్వుకుంటున్నారుగా." అక్క టాబ్లెట్‌ని టీచరమ్మకి ఇచ్చేసింది. "కాకపోతే తప్పు వేశావు. నాకు కారేది ఒక్క కన్నే, కుడిది. రోజూ ఎదురుగానే కూర్చుంటావు కదరా."

ఆ పూట వడ్డిస్తున్నంతసేపూ భార్య తలెత్తలేదు. అక్క ఎప్పటి కుర్చీలోనే కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కుడికన్ను నిండింది. ఎడమది పొడిగానే ఉంది. నమిలేటప్పుడు కుడివైపు పెదవి కొస కాస్త వెనకబడుతోంది. ఆమడ దూరం నుంచి చూసినా తెలిసేంతగా కనిపిస్తోంది.

టీచరమ్మ మాత్రం అత్త పక్కకి కుర్చీ జరుపుకుని, "నొప్పా అత్తా?" అని అడిగింది.

"లేదే తల్లీ." అక్క కన్ను తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగింది. "అన్నట్టు, గది దొరికిందిరా. పోయినవారమే దొరికింది. దొరకడంతోనే పరిగెత్తితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఆగాను. రేపు వెళ్తాను."

ఉండిపో అక్కా అని నోటిదాకా వచ్చింది. అనడానికి ఆయనకి ముఖం చెల్లలేదు.