గంటన్నర పరీక్ష

"గంటన్నరదే రాయరాదూ. రెండు గంటలదెందుకు?" దోసె తింటూ అన్నాడు మా ఆయన ముకుందం. ఆయనకు నాలుగోది పెనం మీద ఉంది.

నేను చేసే కంప్యూటర్ నెట్‌వర్కింగు పనిలో రాయదగ్గ సర్టిఫికెట్ పరీక్షలు రెండున్నాయి. సిస్కో కంపెనీది రెండు గంటల పరీక్ష, జూనిపర్ కంపెనీది గంటన్నర. మా క్లయింట్ల దగ్గర ఉన్నవన్నీ సిస్కో పరికరాలే కాబట్టి, అది పాసైతేనే టీమ్ లీడ్ పోస్టుకు నా పేరు పంపుతానని మేనేజరు కల్యాణ్ గారు చెప్పారు. ఏడేళ్లుగా నేను పని నేర్పిన వాళ్లే నాకు లీడ్లవుతున్నారు. ఇదంతా ముకుందానికి రెండుసార్లు చెప్పాను. చేవెళ్ల బజారులో పైపుల దుకాణం నడిపే మనిషి, ఏ కంపెనీ పైపు ఎక్కడ పనికొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన లెక్క వేరు.

"ఇంట్ల కూసొని రాస్తవ్ గద. గంటన్నరైతే అమ్మను నేను ఆపుత. రెండు గంటలంటే నాతోని గాదు."

ఇంటి నుంచి రాస్తే కెమెరా మనల్నే చూస్తూ ఉంటుంది. గదిలోకి ఇంకో మనిషి వస్తే పరీక్ష రద్దు. నిరుడు సిస్కో అలాగే రాశాను. నాలుగు నెలలు అందరికంటే ముందు లేచి చదివి, తలుపు మీద కాగితం అంటించి, అత్తమ్మకు మూడుసార్లు చెప్పి కూర్చున్నాను. నలభయ్యో నిమిషంలో ఆమె తలుపు తోసుకొని వచ్చింది. "కృష్ణవేణీ, చింతపండు డబ్బ ఏడ వెట్టినవమ్మా?" పరీక్ష ఆగిపోయింది. డబ్బా ఎప్పటిలాగే పొయ్యి పక్కనే ఉంది. "అమ్మకేమెరుక, మల్ల రాద్దువు తియ్" అన్నాడు ఈయన. ఆ పూట చారు కూడా నేనే పెట్టాను.

ఇప్పుడు నేను ఏ పరీక్ష రాయాలన్నది అత్తమ్మ ఎంతసేపు ఆగగలదన్న దాన్ని బట్టి తేలుతోంది. కోపం తెచ్చుకుందామన్నా ఓపిక లేదు. అలసిపోయాను. ఒక రోజు పడుకుంటే పోయే అలసట కాదిది.

పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకొని ఫోన్ తీశాను. సిస్కో పరీక్షకే, హైదరాబాద్‌లోని సెంటర్లో, వచ్చే శనివారానికి సీటు తీసుకున్నాను.

"సిటీకి వోయి రాస్తున్న. శనివారం పొద్దున ఏడు గంటల బస్సుకు పోత."

"మొయినాబాద్ కాడ ట్రాఫిక్కుకే గంట వోతది. మరి ఇంట్ల వంటెట్ల?"

"మీరు చూసుకోండ్రి."

ఆయన చేతిలోని ముక్క ప్లేటులో పెట్టేశాడు. "గింత చేసినంక ఫెయిలైతే?"

"అయితే అయిత. పోయినసారి మీరు నన్ను ఫెయిల్ గూడ కానియ్యలే."