ఉలవకట్టు

నంద్యాల బస్టాండు ఎదురుగా తన ఫ్లెక్సీ కట్టినప్పుడే జీవన్ కుమార్‌కు అది కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది. ఫ్లెక్సీలో అతని నడుముకు బెల్టు ఉంది. అసలు బెల్టు మాత్రం ఢిల్లీలో ఫెడరేషన్ ఆఫీసు బీరువాలో ఉంది. జాతీయ హెవీవెయిట్ ఫైనల్లో ముగ్గురు జడ్జీలు జీవన్ గెలిచాడన్నారు, ఇద్దరు హర్యానావాడు గెలిచాడన్నారు. ఆ హర్యానావాడు ఊరుకునే రకం కాదు. రెఫరీ జీవన్ చెయ్యి పైకెత్తగానే గ్లవ్స్ ఊడబీకి కింద కొట్టి, అసలు చాంపియన్ను నేనేనని కెమెరాల ముందు చెప్పి, మర్నాడే అప్పీలు పెట్టాడు. అది తేలేదాకా బెల్టు ఎవరికీ ఇచ్చేది లేదన్నారు ఫెడరేషన్ పెద్దలు. మనవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? ఫొటోలో బెల్టు అతికించి, కింద చందాలిచ్చిన వాళ్ల మొహాలు వరసగా పేర్చి కట్టేశారు.

అప్పీలు తేలకముందే ఇంకో కబురొచ్చింది. పోటీ రోజు జీవన్ ఇచ్చిన మూత్రంలో నిషేధించిన మందు దొరికిందట. టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో అతని పేరు కనబడిన సాయంత్రానికే ఫ్లెక్సీ మాయమైంది. కట్టినవాళ్లే విప్పారు. కట్టడానికి ఒక పూట పట్టింది గానీ విప్పడానికి అంత కూడా పట్టలేదు.

రైల్వే స్టేషను వెనక రేకుల షెడ్డులో బాక్సింగ్ నేర్పే ఫ్రాన్సిస్ సారు జీవన్‌ను పిలిపించి తలుపేశాడు. బడిలో చదివే రోజుల్నించీ జీవన్‌కు గురువు ఆయనే. ఆయన కోపమొస్తే అరుస్తాడు, అరవకపోతేనే భయం. ఆ రోజు అరవలేదు.

"కొట్టను, తిట్టను. ఏం ఏసుకున్యావో చెప్పు."

"నా తల్లితోడు సార్, ఏం ఏసుకోలేదు."

"దొరికింది మనుషుల మందు గూడా కాదంట రా. పశువులకిచ్చేదంట."

జీవన్‌కు నవ్వొచ్చింది. తనకూ పశువుల మందుకూ ఏం సంబంధం, ఎక్కడో సీసాలు మారిపోయి ఉంటాయి అనుకున్నాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. సారుకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఫ్రాన్సిస్ సారు ఉన్నదున్నట్టు విడమరిచి చెప్పాడు. టైటిల్ మీద ఆశ వదులుకోవాల్సిందే. మందు ఎవరు పోసినా, ఎట్లా పోసినా, ఒంట్లో దొరికితే గెలుపు చెల్లదు. ఇక మిగిలింది నిషేధం. మామూలుగా నాలుగేళ్లు. అది ఒంట్లోకి ఎట్లా వచ్చిందో రుజువుతో చెప్పగలిగితే నెలల్లో పోతుంది. విచారణ వీడియోలోనే జరుగుతుంది, ఈ షెడ్డులోనే కూర్చుని మాట్లాడొచ్చు. జీవన్‌కు ఇరవయ్యేడేళ్లు. నాలుగేళ్లు పోతే ఇక అతని పేరు ఎవడికి గుర్తుంటుంది? బాక్సింగ్ తప్ప ఇంకో పని అతను నేర్చుకోలేదు, నేర్చుకోవాలని అనుకోనూ లేదు.

ఆళ్లగడ్డ బస్సులో అతనికి సీటు ఎప్పుడూ ఇరుకే. రెండు టికెట్లు కొట్టాలప్పా నీకు అని నవ్వే కండక్టరు ఈసారి చిల్లర చేతిలో పెట్టి ముందుకెళ్లిపోయాడు. నల్లరేగడిలో శనగ పచ్చగా కమ్ముకుని ఉంది. జీవన్ కిటికీ కమ్మీ పట్టుకుని పోటీకి ముందు తిన్నవన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటూ పోయాడు. గుడ్లు, కోడి కూర, సంగటి, అరటిపళ్లు. పోటీకి ముందు వారమంతా ఇంట్లోనే ఉన్నాడు. నాయన ఎద్దులు బండలాగుడు పోటీలో మొదటి బహుమతి కొట్టిన వారం అది. ఇల్లంతా పండగ. అమ్మ పూటపూటా ఉలవచారు కాచి పోసింది, అతను పూటపూటా గిన్నె ఖాళీ చేశాడు.

ఆళ్లగడ్డలో దిగి ఆటో ఎక్కి, ఊరి బయట తమ పేట మొదట్లోనే దిగి, ఇంట్లోకి పోకుండా నేరుగా కొట్టంలోకి నడిచాడు.

నాయన మోషే, ఎద్దులు మేత మేసే గాడి పక్కన గొంతుక్కూర్చుని బండ మీద తెల్ల బిళ్లల్ని గుండ్రాయితో నూరుతున్నాడు. వెనక మూడురాళ్ల పొయ్యి మీద గంగాళంలో ఉలవలు తుకతుక ఉడుకుతున్నాయి. ఎద్దులు రెండూ తలలెత్తి జీవన్‌ను చూశాయి. దిట్టమైన జత, నిగనిగలాడుతున్నాయి.

"అదేంది నాయనా?"

"బలం బిళ్లలు. ఎద్దులకు," అన్నాడు మోషే తలెత్తకుండా. "నోట్లో పెడ్తే ఊంచేస్తాండాయి. అందుకే ఉలవల్లో ఏసి ఉడికిస్తాండా."

జీవన్ అక్కడే గాడి గట్టు మీద కూలబడ్డాడు.

ఉలవలు ఉడికినాక గింజలు ఎద్దులకు, పైన తేలిన కట్టు ఇంట్లోకి. పశువులున్న ప్రతి ఇంట్లోనూ అదే పద్ధతి. ఆ కట్టును పారబోసిన ఆడమనిషిని ఎవరూ చూసుండరు. జీవన్ తల్లి సలోమి ఆ కట్టును ఇంకబెట్టి, చింతపండు పిసికి, వెల్లుల్లి పోపేసి కాచే చారుకు పేటలో పేరుంది. పెళ్లయినా, చర్చిలో విందయినా, చారు గంగాళం దగ్గర సలోమే ఉండాలని పిలుచుకుపోతారు.

జీవన్ జరిగింది చెప్పాడు. మోషేకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక నూరడం ఆపేశాడు. మందు గింజలకే పట్టుకుంటుందని అనుకున్నాడు ఆయన. ఉప్పేసి ఉడికిస్తే ఉప్పు గింజలో ఉండట్లేదా, ఇదీ అంతేనని. నీళ్లలోకి దిగుతుందని గానీ, దిగి కొడుకు కడుపులోకి పోతుందని గానీ ఆలోచనే రాలేదు. ఆ బిళ్లల్ని కోయిలకుంట్ల నుంచి ఒకడు పేరు లేని డబ్బాలో తెచ్చిస్తాడట. పోటీలకు జత కట్టే వాళ్లలో చాలామంది ఇస్తారట, ఊళ్లో పెద్ద రైతు ఆదినారాయణ కూడా ఇస్తాడని విన్నాడట. తాను ఇవ్వకపోతే తన జత బండను కదిలించేదీ లేదు, పేరొచ్చేదీ లేదు.

"ఇది నువ్వే వాళ్లకు చెప్పాల నాయనా. నేను చెప్తే నమ్మరు."

మోషే లేచి వెళ్లి ఎద్దు గంగడోలు నిమిరాడు.

"గెల్చింది ఎద్దులు రా," అన్నాడు చివరికి. "బిళ్లలు గాదు."

"నేను గూడా నా చేతుల్తోనే గెల్చినా నాయనా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ మాట మీద ఇద్దరికీ పూర్తి నమ్మకం లేదు. బిళ్లలు లేకుంటే ఏమయ్యేదో ఎద్దులకూ తెలీదు, జీవన్‌కూ తెలీదు.

మోషే ఎందుకు వెనకాడుతున్నాడో జీవన్‌కు ఎవరూ వివరించనక్కర్లేదు. సగం జీవితం ఆదినారాయణ ఇంట్లో వాళ్ల ఎద్దుల పగ్గాలు పట్టినవాడు మోషే. బహుమతి జతలు ఎప్పుడూ ఊళ్లోవే. పేటవాళ్లు పోటీకి పోతే చప్పట్లు కొట్టడానికే. అట్లాంటిది పేట నుంచి మొదటిసారి ఒక జత బరిలోకి దిగింది, దిగి ఆదినారాయణ జతను రెండో స్థానానికి నెట్టింది. ఆ రోజు చర్చి గంట కొట్టారు. బ్యాండు మేళంతో ఎద్దుల్ని ఊరి నడివీధిలో తిప్పారు. ఆదినారాయణ తానే వచ్చి మోషే భుజం మీద టవలు కప్పి, ఏం తినిపించినావప్పా వీటికి, అని నవ్వుతూ అడిగాడు. మోషే కూడా నవ్వాడు. ఇప్పుడు నిజం బయటపడితే ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. బహుమతి వెనక్కిచ్చేయడంతో పోదు. రేపు పేటలో ఎవడు జత కట్టినా, వీళ్లు మందుతో గెలిచే రకం అంటారు. ఊళ్లోవాళ్లు ఇచ్చిన బిళ్లల సంగతి ఎవడూ ఎత్తడు.

ఆ తర్వాత రోజులన్నీ జీవన్‌కు ఊపిరాడలేదు. నోరు విప్పితే నాయన తలెత్తుకోలేడు. విప్పకపోతే తన బతుకు అక్కడితో సరి. ఎదురుగా మనిషుంటే ఎంత లావువాణ్ణయినా తట్టుకునేవాడు, ఇక్కడ గుద్దడానికి ఎవరూ లేరు. నాయన మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. బిళ్లలు నూరిన వేళ్లతోనే ఆయన అన్నం కలుపుకోవడం చూసి ఆ కోపమూ నిలవలేదు. మోషే మాత్రం ఒక పొద్దున, నేను చెప్తాలే, అనేసి చేనికి వెళ్లిపోయాడు. ఆ మాట అని మళ్లీ దాని జోలికి రాలేదు.

కొట్టానికీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క మట్టిగోడ. సలోమి అన్నీ విన్నది. జీవన్‌కు సంగటి పెడుతూ ఒక్క మాట అడిగింది.

"ఆ విచారణలో నన్ను గూడా అడుగుతారా?"

వంట ఎవరు చేశారని అడగొచ్చని జీవన్ అన్నాడు. ఆమె సరేనని తల ఊపి ముద్ద మీద ఇంకొంచెం పప్పు పోసింది.

విచారణ రోజు ముగ్గురూ నంద్యాల బస్సెక్కారు. మోషే తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజం మీద ఆదినారాయణ కప్పిన టవలు. దారంతా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. చెప్పాల్సింది వల్లె వేసుకుంటున్నాడని జీవన్ అనుకున్నాడు, ప్రార్థన కూడా అయ్యుండొచ్చు.

షెడ్డులో ఫ్రాన్సిస్ సారు లాప్‌టాప్‌ను కుర్చీ మీద పెట్టి, ఎదురుగా బల్ల మీద వాళ్లను కూర్చోబెట్టాడు. తెర మీద ముగ్గురు పెద్దమనుషులు, పక్కన చిన్న గడిలో ఇంగ్లీషును తెలుగు చేసే అమ్మాయి. ఆమెది వార్తలు చదివే తెలుగు. మిగిలిన బిళ్లల్ని పరీక్ష చేశారనీ, దొరికిన మందు అదేననీ చెప్పింది. ఉలవల సంగతి జీవన్ చెప్పాడు. తర్వాత ప్రశ్న వచ్చింది: ఆ పాత్రలో మందు వేసింది ఎవరు, ఎందుకు?

కూర్చోమని చెప్పినా మోషే లేచి నిలబడ్డాడు. టవలు కొస రెండు చేతులా పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు.

"నేను," అన్నది సలోమి.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తెరకేసి చూస్తూ, బైబిలు వాక్యం అప్పజెప్పినట్టు తడుముకోకుండా చెప్పుకుపోయింది. ఇంట్లో ముసలావు ఉండేది. అది తిండి మానేస్తే బలానికని ఎవరో బిళ్లలిచ్చారు. తానే వాటిని ఉలవల్లో వేసింది. వేసింది మర్చిపోయి ఆ కట్టుతోనే చారు కాచింది. ఆవు కూడా బతకలేదు, పోయిన నెల చచ్చిపోయింది.

"తప్పు నాది సార్. మా ఆయనకు గానీ నా బిడ్డకు గానీ ఏం తెల్వదు."

ముసలావు చచ్చిపోయిన మాట నిజమే. అది ఎన్నడూ ఒక్క బిళ్ల తిన్నది లేదు. తెర మీది అమ్మాయి అంతా ఇంగ్లీషులో చెప్పి, మళ్లీ జీవన్ వైపు తిరిగింది. మీ అమ్మగారు చెప్పింది నిజమేనా?

జీవన్ నాయన మొహం చూశాడు. మోషే నేల చూస్తున్నాడు. అయినా బరువు దింపుకున్న తేలిక ఆ మొహంలో దాగలేదు. అది చూసి జీవన్‌కు ఒళ్లు మండాల్సింది. మండలేదు. తన గుండెల మీంచి కూడా అదే బరువు దిగిపోతోంది. అంతకన్నా సిగ్గుచేటు తన జన్మలో ఇంకోటి లేదని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది.

"నిజమే," అన్నాడు.

మోషే మెల్లగా కూర్చున్నాడు. ఇంకో రెండు ప్రశ్నలేశారు, అంతే. వాళ్లకు కావలసింది బిళ్ల కడుపులోకి ఎట్లా పోయిందన్నదే, కొట్టంలోకి ఎట్లా వచ్చిందన్నది కాదు. నిషేధం ఎనిమిది నెలలన్నారు. టైటిల్ హర్యానావాడికి పోయింది. బెల్టు బీరువాలోంచి తీసి అతనికి కట్టిన ఫొటో పేపర్లో పడింది. అదే పేజీలో కింద, ఆళ్లగడ్డ బాక్సర్ కొంప ముంచిన కన్నతల్లి చారు, అని ఎవడో తెలివిమీరి రాశాడు. సలోమి ఫొటో కూడా వేశారు.

మోషే ఆ తర్వాత బిళ్లల మాటెత్తలేదు. గంగాళం కింద పొయ్యి ఆయనే వెలిగిస్తాడు, కట్టు ఆయనే మోసుకెళ్లి దిబ్బలో పారబోస్తాడు. సలోమితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గింది. క్షమించమని మాత్రం అడగలేదు. అడగాలంటే ముందు జరిగింది జరిగినట్టు నోటితో అనాలి.

కోతల పండగ ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి వెనక మూడు పొయ్యిలు పెట్టారు. జీవన్ బియ్యం గుండిగ ఒక్కడే ఎత్తి పొయ్యి మీద పెడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎద్దుల జతను కొమ్ములకు రంగు కాగితాలు చుట్టి తెచ్చి గేటు దగ్గర కట్టేశారు. వచ్చేపోయేవాళ్లంతా వాటి మూపులు తట్టి మోషేను పలకరిస్తున్నారు. సలోమి ఎప్పట్లాగే కొంగు నడుముకు చుట్టుకుని చారు గంగాళం దగ్గరికి నడిచింది. గరిటె అందుకోబోయింది.

అక్కడున్న జీవమ్మ గరిటెను మెల్లగా ఇవతలికి జరుపుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు, సలోమితో కలిసి పాతికేళ్లుగా చేలల్లో వంగిన మనిషి.

"నువ్వు కూచో సలోమమ్మా ఈసారికి. పిల్లోళ్లు తినేది గదా. ఏమనుకోవద్దు."

సలోమి ఏమీ అనుకోనట్టే నవ్వింది. కొంగు విప్పి సరిచేసుకుని, గోడ నీడలో ముసలాళ్ల పక్కన కూర్చుంది. ఏం చేయాలో తెలియని చేతుల్ని ఒళ్లో పెట్టుకుంది.

మోషే గేటు దగ్గర్నించి అదంతా చూశాడు. చూసి ఎద్దు మెడలో పట్టెడ సర్దడానికి అటు తిరిగాడు. జీవన్ పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట. అమ్మ కాదు అని రెండు ముక్కలు. అక్కడున్న అందరికీ వినబడేలా అనడానికి ఊపిరి పీల్చుకున్నాడు కూడా. గేటు దగ్గర నాయన వీపు కనిపించింది. పీల్చుకున్న ఊపిరి అట్లాగే వదిలేశాడు.

బంతులు లేచాక జీవమ్మ విస్తరి పట్టుకొచ్చి జీవన్ చేతిలో పెట్టింది. అన్నం మీద చారు పొగలు కక్కుతోంది. అతను దాన్ని పట్టుకుని తల్లి దగ్గరికి పోయి నిలబడ్డాడు. ముద్ద కలపలేదు. సలోమి తలెత్తి కొడుకును చూసింది, విస్తరిని చూసింది. ఎందుకు తినట్లేదో తనకు తోచినట్టు అర్థం చేసుకుంది.

"తిను కొడకా," అన్నది మెల్లగా. "భయమేం లేదు. నేను కాసింది కాదులే."