పన్నెండో వరస

మా అత్తగారు ఇరవై ఆరేళ్లు టైపింగ్ నేర్పారు. కళ్లకు గంతలు కట్టినా పేజీకి ఒక్క తప్పు లేకుండా కొట్టగల మనిషి. అలాంటావిడ ఆ సోమవారం ఉదయం మౌస్ దగ్గర ఓడిపోయారు.

కుడిచేతి వణుకుకి తెర మీద బాణం ఒకచోట నిలవడం లేదు. ఒక్కసారి నొక్కాల్సినచోట రెండు పడుతున్నాయి, రెండు నొక్కాల్సినచోట ఒక్కటీ పడటం లేదు. నేను ఉతికిన బట్టల బుట్టతో గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. చివరికి ఆవిడ మౌస్‌ని వెల్లకిలా తిప్పి, బొద్దింకని నెట్టినట్టు పక్కకి నెట్టేశారు.

"అమ్మాయ్, ఇది లేకుండా పనవదా?"

"ఏం పనో చెప్పండి అత్తయ్యా, నేను చేసి పెడతాను."

"అదే వద్దంటున్నాను."

కళ్లజోడు పెట్టెలోంచి మడత పెట్టిన చీటీ ఒకటి తీశారు. నరాల డాక్టరు రాయించిన పరీక్షల చీటీ. రిపోర్టు శుక్రవారం ఆసుపత్రి వెబ్‌సైట్‌లో పెడతారట, చీటీ మీది నంబరు కొడితే కనిపిస్తుందట.

"మీ మామగారప్పుడు ఏమైంది? రిపోర్టు ముందు మీ ఆయన చదివాడు. నాతో 'ఏం లేదమ్మా' అన్నాడు. ఆ 'ఏం లేదు'తో నాలుగు నెలలు పిచ్చిదానిలా తిరిగాను. ఈసారి నాది నేను చదువుకుంటాను. ముందు వాడి మొహం చూసి, ఆ తర్వాత రిపోర్టు చూడటం నా వల్ల కాదు."

ఆ రోజుల్లో 'ఏం లేదు' అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మధ్యాహ్నం అంతా కూర్చుని మౌస్ ముట్టకుండా ఏమేం చేయవచ్చో వెతికాను. ప్రతిదీ రెండుసార్లు చేసి చూసుకుని, పనిచేసినవే గీతల నోట్‌బుక్‌లో ఎక్కించాను. ఎడమవైపు ఏ కీలు, కుడివైపు ఏమవుతుంది. మొత్తం పన్నెండు వరసలు వచ్చాయి.

మంగళవారం పదకొండింటికి పాఠం మొదలుపెట్టాం.

"టాబ్ నొక్కితే ఒక లింకు మీంచి ఇంకో లింకు మీదికి వెళ్తుందండీ."

"టాబ్ గురించి నాకు చెప్తున్నావా? మీ పెళ్లికి ముందే టాబ్ కొట్టి పట్టికలు వేశాను."

"షిఫ్ట్ కూడా పట్టుకుంటే వెనక్కి వస్తుంది. ఎంటర్ కొడితే లింకు తెరుచుకుంటుంది."

"షిఫ్ట్ తెలుసు. ఈ కంట్రోల్ ఎవరు కొత్తగా?"

"పెత్తనం అంతా దానిదే. కంట్రోల్ పట్టుకుని ఎల్ కొడితే పైన అడ్రసు రాసే చోటికి వెళ్తుంది. ప్లస్ కొడితే అక్షరాలు పెద్దవవుతాయి."

నేను చూపిస్తుంటే ఆవిడ తెర వైపు కాక నా చేతుల వైపు చూస్తున్నారు.

"అవేం వేళ్లమ్మా? కోడి గింజలు ఏరుకున్నట్టు! కంట్రోల్ మీద చిటికెన వేలు ఉండాలి. మణికట్టు బల్లకి ఆనించకు."

అలా అరగంట ఆవిడకి నేనూ, అరగంట నాకు ఆవిడా నేర్పుకున్నాం. ఒకచోట మాత్రం పెద్ద కేక వేశారు. అలవాటుగా బొటనవేలు స్పేస్ మీద పడింది, పేజీ మొత్తం చటుక్కున జారిపోయింది.

"అయ్యో, పోగొట్టేశాను!"

"పోలేదు అత్తయ్యా. స్పేస్ కొడితే ఒక తెర మేర కిందికి దిగుతుంది. షిఫ్ట్‌తో కొట్టండి, మళ్లీ ఎక్కుతుంది."

కొట్టారు. ఎక్కింది. ఆ తర్వాత ఆ పేజీని పది నిమిషాలు ఉత్తినే ఎక్కించి దింపారు. వేళ్లు కీల మీద పడ్డాక ఆ చెయ్యి అంతగా వణకడం లేదని నేను గమనించాను.

గురువారానికి పదకొండు వరసలు అయ్యాయి. కంట్రోల్, డబ్ల్యూ కలిపి కొడితే పేజీ మూసుకుపోతుందన్నది పదకొండోది. రోజూ సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పుతూ "రిపోర్టు రాలేదా అమ్మా?" అనేవారు. "వస్తే నేనే చెప్తాలేరా" అనేవారు ఆవిడ.

శుక్రవారం ఆవిడ ఒక్కరే కూర్చున్నారు. నేను వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. కీల చప్పుడు వినిపించింది, ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. ఉండబట్టలేక టీ పట్టుకెళ్లాను. నా అడుగుల చప్పుడుకి ఆవిడ చిటికెన వేలు కదిలింది. నేను వెళ్లేసరికి తెర మీద ఖాళీ పేజీ ఒక్కటే ఉంది.

"స్నానం చేసొస్తాను" అని లేచారు. టీ ముట్టలేదు.

నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. సీటు ఇంకా వెచ్చగానే ఉంది. పన్నెండో వరస నేనింకా ఆవిడకి నేర్పలేదు. కంట్రోల్, షిఫ్ట్, టి మూడూ కలిపి కొడితే మూసేసిన పేజీ మళ్లీ తెరుచుకుంటుంది. స్నానాల గదిలో నీళ్ల చప్పుడవుతోంది. నా వేళ్లు ఆవిడ నేర్పినట్టే, మణికట్టు ఆనకుండా, ఆ మూడు కీల మీదికి వెళ్లాయి.

నొక్కలేదు. లేచి టీ పారబోసి కొత్తది పెట్టాను.

ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చాక నోట్‌బుక్ ముందు పెట్టాను.

"అత్తయ్యా, ఒకటి మిగిలింది. మూసేసిన పేజీ ఇలా కొడితే తిరిగి వస్తుంది. మూసేస్తే పోయిందనుకుంటారేమోనని చెప్తున్నాను."

ఆవిడ ఆ వరస చదివి నా వైపు చూశారు.

"అంటే ఇందాక నువ్వు చూసి ఉండొచ్చు."

"చూడొచ్చు."

"చూశావా?"

"లేదు."

ఆవిడ తువ్వాలు కుర్చీ మీద ఆరేసి కూర్చున్నారు. ఎడమచేతి చిటికెన వేలు కంట్రోల్ మీద, ఉంగరపు వేలు షిఫ్ట్ మీద, చూపుడువేలు టి మీద. కీబోర్డు వైపు చూడను కూడా లేదు. పేజీ మళ్లీ నంబరు అడిగింది. చీటీ తీయకుండా పది అంకెలూ కొట్టేశారు.

"రా, కూర్చో."

వణుకుడు జబ్బే. మొదటి దశలో ఉంది. పూర్తిగా తగ్గేది కాదు, మందులతో అదుపులో ఉంటుంది. చేతులకి రోజూ పని చెప్పాలి. నేను ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను.

"కనపడటం లేదా? ఉండు" అని ఆవిడ కంట్రోల్ పట్టుకుని ప్లస్ మూడుసార్లు కొట్టారు.

అక్షరాలు పెద్దవయ్యాయి. కనపడకపోవడానికి కారణం అది కాదని నేను చెప్పలేదు.

"సాయంత్రం వాడితో నేనే చెప్తాను" అన్నారు టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని. "నువ్వు మాత్రం మొహం సరిగా పెట్టుకో. ఇంట్లో ఒక్కళ్లకైనా 'ఏం లేదు' అనడం రాకూడదు."

తలూపాను. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, నా కుడి మణికట్టుని వేలితో కొద్దిగా పైకి లేపారు. మళ్లీ బల్లకి ఆనించేశానట.