రికార్డు ప్లేయరు చెయ్యి

మా ఆయన కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు బిగిస్తారు. పని మంచిదే, దాంతోపాటు అంటుకున్న చాదస్తంతోనే చిక్కు. వెంట్రుకవాసి తేడా కనిపిస్తే ఆ పూట అన్నం సయించదు. గోడకి మేకు కొట్టమంటే కొలతలు తీసి, గీతలు గీసి, సరైన మేకు దొరికేదాకా ఆగుదామంటారు. ఒక ఏడాది మా కాలెండరు గోడెక్కకుండా కుర్చీలోనే కాలక్షేపం చేసింది.

అలాంటి మనిషి ఇంట్లో ఒక విరిగిన వస్తువు ఏళ్ళ తరబడి బీరువా మీద దుప్పటి కప్పుకుని పడి ఉంది. మా మావగారి రికార్డు ప్లేయరు. అన్నదమ్ములిద్దరూ దాని ముందు కూర్చునే పెద్దవాళ్ళయ్యారు. మా పెళ్ళయ్యాక కూడా ఆదివారం వస్తే చాలు, బావగారు పొద్దున్నే దిగిపోయేవారు. వారమంతా ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ల రొద భరించి, మా ఇంట్లో కాళ్ళు చాపుకుని పాటలు వినేవారు. నాకు వంట తెమిలేది కాదు, ఇద్దరి మీదా విసుక్కునేదాన్ని.

ఇల్లు మారుతున్నప్పుడు అది విరిగింది. బావగారే ఎత్తుకుని మెట్లు దిగారు. ముల్లుండే చెయ్యిని దారంతో కట్టకుండా కదపకూడదు. ఆ హడావుడిలో ఆయనకి తట్టలేదు. చెయ్యి ఊగి, తలుపుకి తగిలి వంకరపోయింది. లోపలున్న సన్నటి తీగలు తెగిపోయాయి. మా ఆయన సామాను మోసేవాళ్ళ ముందే, "నీ చేతిలో పడ్డది ఏది బాగుపడింది గనక!" అనేశారు. బావగారు సామానంతా ఎక్కించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. మళ్ళీ ఆదివారాలు రాలేదు.

"దాన్ని బాగుచేసి అన్నయ్యని పిలుద్దాం," అంటూండేవారు మా ఆయన. తప్పయిందని నోటితో చెప్పడం ఆ ఇంటావంటా లేదు. వస్తువు బాగుచేసి ముందు పెడతారు, అవతలివాళ్ళే అర్థం చేసుకోవాలి. పోనీ ఆ బాగుచేసేదేదో చేశారా? అచ్చం అలాంటి చెయ్యే దొరకాలని పంతం పట్టారు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఉన్నదాన్నే సరిచేయొచ్చుగా అంటే, "అతుకు అతుకేనే," అని నా నోరు మూయించేవారు.

మొన్నామధ్య మందుల షాపు దగ్గర బావగారు కనిపించారు. వెనకనుంచి నోరారా పిలిచాను. తిరిగి చూడలేదు, నడుచుకుంటూ పోయారు. నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళయినా మీ అన్నయ్యకి కోపం చల్లారలేదు," అని ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన ఆ సాయంత్రమే స్టూలెక్కి దుప్పటి తీశారు.

భోజనాల బల్ల మీద బుల్లి స్క్రూడ్రైవర్లు, భూతద్దం పరిచారు. మేం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. బోలుగా ఉండే ఆ చెయ్యి గొట్టంలోకి నా అల్లిక సూది దూర్చి కొద్దికొద్దిగా వంకర తీశారు. కొత్త తీగలు మాత్రం లోపలికి పోనంటే పోనన్నాయి, సగం దారిలోనే మడతపడుతున్నాయి. అప్పటికి నేను గుర్తొచ్చాను. కుట్టుదారం కొస ఒకవైపు పెట్టి, రెండోవైపు నుంచి గాలి పీల్చమన్నాను. పీల్చారు, దారం నోట్లోకి వచ్చేసింది. దానికి తీగలు ముడేసి లాగాం. పెళ్ళయ్యాక ఆయన నన్ను మెచ్చుకున్న అరుదైన రోజుల్లో అదొకటి.

తీగలు అతికించి, చెయ్యి వెనకున్న బరువుని తిప్పి తిప్పి తూకం సరిచేశారు. ఆదివారం పొద్దున ముల్లు దించితే పాట ఖంగున పలికింది. మా ఆయన కళ్ళు తుడుచుకుని, భూతద్దంలో చూసీ చూసీ నీళ్ళు కారుతున్నాయన్నారు. నేను మా తోడికోడలికి ఫోన్ చేశాను. "పంపిస్తానమ్మా. ఈమధ్య ఆయనకి అంతా పరధ్యానమే, పిలిస్తే పలకరు," అంది అక్క.

అంతటితో ఊరుకుంటే ఆయన మా ఆయనెందుకవుతారు? మళ్ళీ భూతద్దం అందుకున్నారు.

"పలికేదాన్ని ఎందుకు కెలుకుతారండీ?"

"తీగ బయటికి కనిపిస్తోంది. అన్నయ్య కంటికి అతుకు కనపడకూడదు."

తీగని లోపలికి తోసి స్క్రూ బిగిస్తుండగానే గుమ్మంలో బెల్లు మోగింది. మళ్ళీ పలికించి చూసుకునే వ్యవధి లేకపోయింది.

బావగారు బాగా చిక్కిపోయారు. వచ్చి తన పాత చోటులోనే కూర్చున్నారు. మా ఆయన ప్లేయరు మూత తీసి, "నువ్వే పెట్టన్నయ్యా," అని చేత్తో చూపించారు.

"వద్దురా, నా చేతిలో..." అని ఆగిపోయారు బావగారు.

మా ఆయన అన్నగారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముల్లు పిడి మీద పెట్టారు. బావగారు ఊపిరి బిగబట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు దాన్ని రికార్డు మీదకి దించారు.

రికార్డు తిరుగుతోంది. ముల్లు గీతలో నడుస్తోంది. స్పీకర్లలో ఉలుకూ పలుకూ లేదు.

మా ఆయన సౌండు పెంచారు, ఏమీ లేదు. దాచిన తీగ ఊడిందని నాకూ అర్థమైంది. "అన్నయ్యా, ఒక్క నిమిషం," అంటూ ప్లేయరు మీదకి వంగారు.

బావగారు తొడమీద తాళం వేస్తున్నారు.

"ఏం గొంతురా!" అన్నారు తల ఊపుతూ.

అప్పుడు చూశాను. ఆయన కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. రెండు పాటల మధ్య నున్నగా మెరిసే సందు ఉంటుంది కదా, ముల్లు అక్కడికి రాగానే ఆయన తాళం ఆపారు. సందు దాటగానే ఈసారి నెమ్మదిగా అందుకున్నారు. రెండోది నెమ్మది పాటే. "ఇది నాన్నకిష్టం," అన్నారు.

మందుల షాపు దగ్గర ఆ మనిషికి నా పిలుపు వినపడలేదు. కోపమని నేనే చాటించాను. ప్రెస్సు రొద ఆయన చెవుల్ని ఎప్పటినుంచి తినేస్తోందో, మాకు తెలియదు. ప్లేయరు చెయ్యి విరిగిన వారమే వంకరటింకరగా అతికేసి పిలిచి ఉంటే, ఎన్ని ఆదివారాలు వినేవారో! ఆ బాధ ఇప్పటికీ నన్ను వదలదు.

మా ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాట రావడంలేదని చెబితే బావగారి చెవుల సంగతి బయటపడుతుంది. పైగా తన చేతిలోనే మళ్ళీ పాడైందనుకుంటారు. నేను మా ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆయన వచ్చి అన్నగారి పక్కన కూర్చున్నారు.

ముల్లు చివరికి చేరింది. బావగారు వంగి ఆ చెయ్యిని ఈ కొసనుంచి ఆ కొసకి చూశారు.

"ఎంత బాగా చేశావురా! అతుకెక్కడో కూడా తెలియడం లేదు," అన్నారు. వెనక్కి జారగిలబడి, "ఇంకోసారి పెట్టరా," అన్నారు.

మా ఆయన లేచి, ముల్లు ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టారు. ఈసారి ఆయన కూడా తాళం వేశారు.